ఆళ్ళగడ్డలో బస్సెక్కిన డమ్మీ బాంబు

ఆ ఏడు ఉగాది వెళ్ళిన మరుసటి వారం నన్ను నంద్యాలకు వేశారు. ఉద్యోగంలో అదే నా చివరి పోస్టింగు. రైల్వే పోలీసు శాఖలో సబ్ ఇన్‌స్పెక్టరుగా చేరి, అసిస్టెంట్ కమిషనర్ హోదా దాకా వచ్చి, ఆఖరి కొన్నేళ్ళు ప్రైవేటు రైళ్ళ భద్రతను తనిఖీ చేసే ప్రభుత్వ విభాగంలో డెప్యుటేషన్ మీద పనిచేశాను. మాది ఈ జిల్లాలోనే జూపాడు బంగ్లా అనే ఊరు. సొంత జిల్లాలో పోస్టింగు ఇవ్వడం మా విభాగంలో అలవాటు లేదు. ఈ ప్రాంతం మాటా మర్యాదా తెలిసిన మనిషి కావాలని పైవాళ్ళు అనుకున్నారో, నంద్యాల ఎండకు భయపడి ఇంకెవరూ రామన్నారో నాకు తెలియదు. నేను మాత్రం ఎగిరి గంతేసి వచ్చాను.

మా పని గురించి చాలామందికి ఒక అపోహ ఉంది. ప్రైవేటు కంపెనీ రైలు నడిపితే దాని భద్రత కూడా కంపెనీ ఇష్టమే అనుకుంటారు. గార్డులను పెట్టుకునేదీ, జీతాలిచ్చేదీ, స్కానర్లు కొనేదీ కంపెనీయే. ఆ గార్డులకు ఏం నేర్పాలి, ఏ సంచిని ఎక్కడ చూడాలి, చూడకపోతే ఏం జరుగుతుంది అన్నది మాత్రం ప్రభుత్వం చెబుతుంది. మేము చెప్పా పెట్టకుండా వెళ్ళి పరీక్ష పెడతాం. అన్నీ సరిగ్గా ఉంటే అనుమతి సాగుతుంది. చిన్న లోపమైతే సరిదిద్దుకోమంటాం. పెద్ద లోపమైతే కంపెనీ సవరణ ప్రణాళిక ఇవ్వాలి, దాన్ని మేము ఒప్పుకోవాలి, ఆ తర్వాత రెండో పరీక్ష. అందులోనూ తప్పితే "అనుమతి నిలుపుదల" అని రాస్తాం. అంటే ఆ రైలు ఇక ఆ స్టేషన్లో ఆగదు.

ఇంకొక సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ప్రైవేటు గార్డుకు పోలీసు అధికారం లేదు. సంచి లాక్కోకూడదు, ఒంటి మీద చెయ్యి వేయకూడదు. సంచి చూపించమని అడగవచ్చు. చూపించనంటే రైలు ఎక్కనివ్వకుండా ఆపి, పోలీసులకు కబురు చేయవచ్చు. అంతే. చేతిలో లాఠీ ఉన్నవాళ్ళకు ఇది ఎంత కష్టమో, లాఠీ పట్టుకుని సగం జీవితం గడిపిన నాకు బాగా తెలుసు.

ఆ రైలు బెంగళూరుకూ విజయవాడకూ మధ్య కొత్త పట్టాల మీద నడిచేది. మన మామూలు ఎక్స్‌ప్రెస్ పక్కన పెడితే పరుగే వేరు. అంత వేగంతో పోయే బండిలో, ఎక్కిన తర్వాత ఏదైనా అనుమానం వస్తే చెయ్యగలిగింది చాలా తక్కువ. దారిలో ఎక్కడపడితే అక్కడ ఆపలేరు. అందుకే చూడవలసిందంతా నేల మీదే, ఎక్కకముందే చూసెయ్యాలన్నది నిబంధనల సారాంశం. అది ఆగే ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో నంద్యాల ఒకటి. ఆ స్టాపు కోసం ధాన్యం వ్యాపారుల దగ్గర నుంచి కాలేజీ లెక్చరర్ల దాకా తిరగని ఆఫీసు లేదు, ఇవ్వని అర్జీ లేదు. బెంగళూరు పెద్దాసుపత్రికి పొద్దున పోయి, చూపించుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరడమంటే ఇక్కడి ముసలివాళ్ళకు అంతకంటే ఏం కావాలి!

ఆళ్ళగడ్డకు రైలు స్టేషన్ లేదు. అక్కడి వాళ్ళ కోసం కంపెనీ ఒక బస్సు పెట్టింది. చాగలమర్రి వాళ్ళూ, అహోబిలం దర్శనానికి వచ్చినవాళ్ళూ కూడా అదే బస్సు ఎక్కేవాళ్ళు. వాళ్ళ సామాను ఆళ్ళగడ్డ కౌంటర్లోనే స్కానర్లో చూసి, ఆకుపచ్చ ట్యాగు కట్టి బస్సులో వేస్తారు. ఆకుపచ్చ ట్యాగు ఉన్న సంచిని నంద్యాలలో మళ్ళీ చూడరు, నేరుగా రైలెక్కిస్తారు. రైలు ఆగేది కాసేపే కాబట్టి ఈ ఏర్పాటును మా విభాగమే ఒప్పుకుంది. కాగితం మీద ముచ్చటగా ఉన్న పద్ధతి.

నేను పెట్టిన మొదటి పరీక్ష అక్కడే, ఆళ్ళగడ్డ కౌంటర్లో. పరీక్షకు ఒక డమ్మీ బాంబు ఉంటుంది. మట్టిముద్ద, నాలుగు తీగలు, ఒక చిన్న గడియారం, లోపల మా విభాగం ముద్ర. చీమకు కూడా హాని చెయ్యదు గానీ స్కానర్ తెర మీద చూస్తే గుండె జారుతుంది. దాన్ని సంచిలో పెట్టుకుని మామూలు ప్రయాణికుల్లా వచ్చేవాళ్ళను డికాయ్ అంటాం. డికాయ్‌గా నేను నాగమ్మను పిలిపించాను. నాగమ్మ మా శాఖలోనే హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరైన మనిషి, ఊరు చాగలమర్రి. వయసు మీద పడ్డా గొంతు తగ్గలేదు. నాటకమంటే ప్రాణం. నెరసిన జుట్టు ముడేసుకుని, నేత చీర కట్టుకుని, మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలా కుంటుకుంటూ వచ్చింది. సంచి అడుగున డమ్మీ, దాని మీద బియ్యం, ఆ పైన ఊరగాయ జాడీ.

నేను నంద్యాలలో రైలెక్కి, నాగమ్మకు రిజర్వు చేసిన సీటు పక్కన కూర్చున్నాను. డమ్మీ దొరికితే అంతకుముందే ఆళ్ళగడ్డ నుంచి నాకు ఫోను రావాలి. ఫోను రాలేదు. కాసేపటికి నాగమ్మ దర్జాగా పెట్టెలోకి వచ్చింది. ఆమె వెనకే నంద్యాల గార్డు ఒకతను సంచి మోసుకొచ్చి, జాడీ ఒలికిపోకుండా జాగ్రత్తగా సర్ది, సరిగ్గా నా తల పైనున్న అరలో పెట్టి, "పైలంగా పోయిరాండమ్మా" అని చెప్పి దిగిపోయాడు. సంచికి ఆకుపచ్చ ట్యాగు వేలాడుతోంది.

నాకు కడుపు మండిపోయింది. ఏం జరిగిందని నాగమ్మను అడిగాను.

"ఏం జెప్పేది మేడం! ఆటో దిగి అమ్మా అబ్బా అని రెండు మూలుగులు మూలిగినా. ఆ షేక్షావలి అంట, గార్డుల మేస్త్రీ, ఉరుకుతా వొచ్చె. ఇట్లియ్యమ్మా, నువ్వు మోసేదేంది మేముండంగా అని సంచి లాక్కునె. స్కానరు పక్కకు గూడా పోలే. నేరుగా బస్సులో పెట్టి, కూసోబెట్టి, నీళ్ళు గూడా ఇచ్చె. నా కొడుకు గూడా అంత చెయ్యలే ఎప్పుడూ." చెప్పి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నిబంధన ప్రకారం తర్వాతి స్టేషన్లో దిగి డమ్మీని స్వాధీనం చేసుకుని, పెద్ద లోపం అని రాశాను.

షేక్షావలిని నంద్యాల ఆఫీసుకు పిలిపించాను. ఆళ్ళగడ్డవాడే. చాలాకాలం హోంగార్డుగా చేసి, కంపెనీ రాగానే గార్డుల సూపర్‌వైజరుగా చేరాడు. అతని కింద పనిచేసేవాళ్ళంతా ఆళ్ళగడ్డ, నంద్యాల చుట్టుపక్కల మగవాళ్ళూ ఆడవాళ్ళూ. ఊళ్ళో ఉంటూ నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం వాళ్ళలో చాలామందికి అదే మొదటిది. ఈ పరీక్ష పోతే అందరూ ఇళ్ళకు పోవాల్సిందేనని వాళ్ళకు తెలుసు. నేను నిప్పులు చెరిగాను. నా కోపం సంగతి ఆ డివిజన్లో అందరికీ తెలిసిందే. అతను తల వంచుకుని విన్నాడు గానీ అబద్ధమాడలేదు.

"మోసినా మేడం. ట్యాగు కట్టమని చెప్పింది గూడా నేనే. నా చేతిలో సంచి ఉండాదని మావోళ్ళు చూసిందే అనుకున్యారు. తప్పే. ఉద్యోగం తీస్తే తీసేయండి. ముసిలామె సంచి మోసినందుకు తీసేసినారని మాత్రం కాయితంలో రాయండి."

అతన్ని కోపంగానే పంపించేశాను గానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

కంపెనీ భద్రతాధిపతి మర్నాడే విమానం దిగి వచ్చాడు. పేరు వినోద్ అనుకుందాం. చురుకైనవాడు, పెద్ద నగరాల్లో విమానాశ్రయాల భద్రత చూసినవాడు. అతని సవరణ ప్రణాళిక చాలా సూటిగా ఉంది. స్థానిక గార్డులందరినీ తొలగించి నగరం నుంచి సెక్యూరిటీ ఏజెన్సీ మనుషులను తెస్తారు. వాళ్ళు ప్రయాణికులతో మాట్లాడరు, సామాను ముట్టుకోరు. ఊరివాళ్ళను పెడితే మొహమాటాలు తప్పవని, అవి యంత్రానికి ఉండవని అతని వాదన. చూడటానికి న్యాయంగానే ఉంది. మా పైఅధికారి కూడా ఫోనులో ఒప్పేసుకొమ్మనే అన్నారు.

ఇక్కడ నా చేతులు కట్టేసి ఉన్నాయి. ఎవరిని ఉద్యోగంలో ఉంచాలి, ఎవరిని తీసెయ్యాలి అని కంపెనీకి చెప్పే అధికారం నియంత్రణ విభాగానికి లేదు. షేక్షావలి మంచివాడు, ఉంచండి అని నేను రాస్తే అది చెల్లదు, పైగా నాకే మెమో వస్తుంది. అయితే మా నిబంధనల్లో ఒక మాట ఉంది. సవరణ ప్రణాళిక లోపానికి కారణాన్ని చూపించాలి, ఆ కారణాన్ని తొలగించాలి. వినోద్ ప్రణాళికలో మనుషులను తొలగించడం ఉంది, కారణం లేదు. కారణం రాసి మళ్ళీ పంపమని తిప్పి పంపాను. అతని మొహం కందగడ్డలా అయింది. "మొహమాటమే కారణం, ఇంకేం రాయాలి?" అన్నాడు. నిరూపించమన్నాను.

అతను కూడా పట్టుదల మనిషే. నిరూపిస్తానని ఏజెన్సీ వాళ్ళను తాత్కాలికంగా ఆళ్ళగడ్డ కౌంటర్లో దించాడు. షేక్షావలి బృందాన్ని జీతంతో ఇంట్లో కూర్చోబెట్టాడు. ఈ లెక్క తేలేదాకా ఆళ్ళగడ్డ ట్యాగు ఉన్నా సరే, నంద్యాలలో ప్రతి సంచినీ మళ్ళీ చూడాలని నేను ముందే రాసిచ్చాను. నేను యూనిఫాం లేకుండా కౌంటరుకు ఎదురుగా ఉన్న టీ కొట్టు బల్ల మీద మకాం వేశాను. ఆ పక్కనే ఒక శిల్పి షెడ్డు. ఉలి దెబ్బల చప్పుడు వింటూ, రాతిపొడి పడిన టీ తాగుతూ రోజుల తరబడి కౌంటరును చూశాను. ఉద్యోగంలో నేను చేసిన అత్యంత సోమరి పని అదే, అత్యంత ఉపయోగపడిన పని కూడా అదే.

మొదట కంటపడింది కౌంటరు ఉన్న చోటు. కంపెనీ ఆ కట్టడంలో మొదటి అంతస్తును అద్దెకు తీసుకుంది. స్కానరుకు చల్లటి గది కావాలట, ఏసీ ఉన్నది పైనే. బస్సేమో కింద రోడ్డు పక్కన ఆగుతుంది. ఆటో దిగిన ముసలామె బియ్యం మూటతో మెట్లెక్కి, స్కానర్లో పెట్టి, మళ్ళీ అదే మూట మోసుకుంటూ మెట్లు దిగి, ఆటో దిగిన చోటికి రెండడుగుల దూరంలో ఉన్న బస్సెక్కాలి. ఆ మెట్లు ఏ ఇంజనీరు కట్టాడో గానీ నిలువు. సంచి లేకుండా ఎక్కినా నాకే ఆయాసం వచ్చింది.

ఏజెన్సీ గార్డులు చెప్పినట్టే చేశారు. ఎవరితోనూ మాట్లాడలేదు, ఏ సంచీ ముట్టుకోలేదు. మెట్ల పైన నిటారుగా నిలబడ్డారు. కింద ఏం జరిగింది? ముసలామె మెట్ల ముందు నిలబడి నిట్టూర్చగానే ఆటో డ్రైవరు సంచి అందుకున్నాడు. "యాడికమ్మా, బస్సుకేనా?" అంటూ పోయి నేరుగా బస్సులో పెట్టేశాడు. ఇంకో రోజు ఒక పెద్దాయన మూటను టీ కొట్టు యజమాని పొయ్యి మీద పాలు వదిలేసి మరీ మోశాడు. ఒకసారి బస్సు డ్రైవరే దిగొచ్చాడు. ట్యాగులు ఎలా వచ్చాయంటారా? బస్సులో వేసిన సామానుకు బయల్దేరే ముందు ఏజెన్సీ గార్డే వరసగా కట్టుకుంటూ పోయాడు. బస్సులో ఉందంటే పైనుంచి దిగిందే కదా అని అతని లెక్క.

టీ కొట్టాయన్ని ఊరికే అడిగాను, మీకెందుకయ్యా ఆ బరువు అని. నన్ను ఎగాదిగా చూశాడు. "ఏందక్కా అట్లంటావు? పెద్దోళ్ళు మోస్తాంటే చేతులూపుకుంటా నిలబడేదానికి సిగ్గుండొద్దా?" అన్నాడు. ఇంకో టీ పోశాడు గానీ, ఆ తర్వాత నాతో మాటలు తగ్గించాడు. నా పెంపకం మీద అతనికి అనుమానం వచ్చినట్టుంది.

అప్పుడు వెలిగింది నాకు. గార్డులు మారినా సంచి పోయే దారి మారలేదు. ఈ సీమలో బరువు మోస్తున్న పెద్దమనిషిని చూసి ఎవరి చెయ్యీ ఊరుకోదు. షేక్షావలి కాకపోతే ఆటోవాడు, ఆటోవాడు కాకపోతే టీ కొట్టాయన. ఆ చెయ్యిని ఆపే నిబంధన మా విభాగం కాదు కదా, ఎవరు రాసినా నిలవదు. ఆ చెయ్యి స్కానరు మీదుగా పోయేలా చెయ్యడమొక్కటే మనకు సాధ్యం.

వినోద్‌ను పిలిచి అదే బల్ల మీద నా పక్కన కూర్చోబెట్టాను. ఒక్క బస్సు బయల్దేరేంత సేపు. తన ఏజెన్సీ మనుషుల ముక్కు కిందనుంచి చూడని సంచులు బస్సెక్కడం అతను కళ్ళారా చూశాడు. రెండో సంచికి టీ గ్లాసు కింద పెట్టేశాడు. మూడో సంచికి నుదురు పట్టుకున్నాడు. ఆ సంచి మోసుకుపోయింది ఇంకెవరో కాదు, సెలవు రోజున ఊరికే అటు వచ్చిన, ఇక్కడ అతని కారు నడిపే డ్రైవరు. ఆ రోజు నేను పడ్డ సంతోషం ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా పడలేదు.

కొత్త ప్రణాళిక అతనే రాశాడు, నేను తప్పులు పట్టాను. అదే కట్టడం కింద ఎరువుల కొట్టు ఖాళీ చేసిన పెద్ద గది ఒకటి ఉంది. ముందు ఒక షట్టరు, వెనక ఒక షట్టరు. స్కానరును అందులోకి దించారు. ఏసీ కూడా దిగింది. బస్సును రోడ్డు మీద ఆపడం మాని, కట్టడం వెనక ఖాళీ జాగాలో పెట్టారు. ముందు షట్టరులో ప్రవేశించి స్కానరు దాటితే తప్ప బస్సు కనిపించదు. ట్యాగులు స్కానరు తెర చూసే మనిషి దగ్గరే ఉంటాయి, తన కళ్ళతో చూసిన సంచికి తన చేత్తోనే కట్టాలి. ఇక నేను పట్టుబట్టి రాయించిన అంశం ఒకటుంది. ప్రయాణికుల సామాను అందుకుని స్కానరు దాకా మొయ్యడం గార్డుల విధి. మర్యాద కోసమో దయ కోసమో చేసే పనిగా రాయలేదు, డ్యూటీగా రాశాం. ప్రయాణికుడి చేతిలోంచి లాక్కునే అధికారం లేని గార్డుకు ఇంతకంటే మంచి ఆయుధం ఏముంది?

ఆ విధికి ఎవరు పనికొస్తారన్నది కంపెనీ ఇష్టం అని నేను ఊరుకున్నాను. వినోద్ నవ్వేశాడు. మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు అని నేర్చుకున్న ఏజెన్సీ వాళ్ళను తిప్పి పంపించి, షేక్షావలి బృందాన్నే మళ్ళీ పిలిపించాడు. రెండో పరీక్షలో తప్పితే మాత్రం వాళ్ళూ ఉండరు, స్టాపూ ఉండదు అని అందరి ముందూ చెప్పాడు. అది నిజమే. అప్పటికే నంద్యాల అంతా ఈ వార్త పాకింది. కూరగాయలు కొంటుంటే కూడా "మేడం, రైలు నిలుపుతారా, తీసేస్తారా?" అని అడిగేవాళ్ళు. నా చేతిలో లేదు, షేక్షావలి చేతిలో ఉందని చెప్పేదాన్ని.

రెండో పరీక్షను స్థానిక అధికారి నడపకూడదు. ప్రధాన కార్యాలయం నుంచి వేరే బృందం వస్తుంది, డికాయ్ ఎవరో నాకు కూడా చెప్పరు. ఆ పొద్దున నన్నూ వినోద్‌నూ టీ కొట్టు బల్ల మీద కూర్చోమన్నారు. ఒక ముసలామె వచ్చింది, సంచి స్కానర్లోంచి పోయింది, ఏమీ లేదు. ఒక శిల్పి చిన్న రాతి నంది మూట తెచ్చాడు, అదీ పోయింది, ఏమీ లేదు. బస్సు బయల్దేరే వేళ దగ్గరపడింది. అప్పుడు దుమ్ము రేపుకుంటూ ఒక పెద్ద తెల్ల బండి వచ్చి ఆగింది.

దిగినాయన ఆరడుగులు, మెలితిప్పిన మీసం, చలువ చేసిన తెల్ల చొక్కా, తెల్ల పంచె. వెనక నలుగురు మనుషులు. చేతిలో తోలు బ్యాగు. ఈ ప్రాంతంలో అటువంటి మనిషి బ్యాగును తెరవమని అడగాలంటే ఎవరికైనా నాలుక పిడచకట్టుకుపోతుంది. మొదటి పరీక్ష జాలితో పోయింది. ఇది భయంతో పోతుందని వినోద్ గొణిగాడు.

షట్టరు దగ్గర రమాదేవి అనే గార్డు బ్యాగు స్కానర్లో పెట్టమంది. ఆయన ఇంతెత్తున లేచాడు. "ఏయ్, నా బ్యాగు చూసే మొగోడు యాడుండాడు ఈ ఊర్లో? నేనెవరో తెల్సా?" వెంట వచ్చిన నలుగురూ ముందుకు తోసుకొచ్చారు. చుట్టూ ఉన్న జనం వెనక్కి జరిగారు. రమాదేవి జరగలేదు, అలాగని ఒక్క మాట ఎదురు కూడా అనలేదు.

లోపల నుంచి షేక్షావలి వచ్చాడు. భుజం మీది టవలు తీసి, రెండు చేతులూ ముందుకు చాచాడు.

"తెలీకేమన్నా! అంతటి మనిషి మీరు బ్యాగు మోసుకుంటా పోతాంటే మా ఊరి పరువేం గావాల? మేం ఇంతమందిమి ఉండి ఏం లాభం? ఇట్లియ్యన్నా."

ఆయన ఇంకేదో అనబోయాడు. వెంట వచ్చినవాళ్ళు కూడా ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయారు. మర్యాద చేస్తున్నవాణ్ణి కొట్టడం వాళ్ళకు తెలియదు. ఆయనే డికాయ్, పోలీసు శాఖలో డీఎస్పీగా చేసి రిటైరైన మనిషి. బ్యాగు పట్టుకున్న తన వేళ్ళు వాటంతట అవే వదులయ్యాయని తర్వాత నాకు స్వయంగా చెప్పాడు. షేక్షావలి బ్యాగును రెండు చేతులతో గౌరవంగా అందుకుని, నాలుగడుగులు నడిచి, అంతే గౌరవంగా స్కానరు బెల్టు మీద పెట్టాడు.

రమాదేవి తెర ముందుకు వెళ్ళి కూర్చుంది. తెర మీద తీగలూ గడియారమూ కనబడగానే బెల్టు ఆపేసింది. ఆమె అరవలేదు, బ్యాగును ముట్టుకోలేదు. నేర్పినట్టే చెయ్యెత్తి సైగ చేసింది. గార్డులు జనాన్ని నెమ్మదిగా ముందు షట్టరు నుంచి బయటకు పంపించారు, ఒకతను బస్సును దూరంగా తీయించాడు, ఇంకొకతను పోలీసులకు ఫోను చేశాడు. షేక్షావలి మాత్రం తెల్ల చొక్కా ఆయన్ను వదల్లేదు. బయటికి తీసుకొచ్చి కుర్చీ వేసి, "కూసోండన్నా, పోలీసులు వచ్చేదాకా నీళ్ళు తాగండి" అంటూ మర్యాద చేస్తూనే ఉన్నాడు.

నేను బల్ల మీద నుంచి ఎప్పుడు లేచానో తెలియదు. పక్కన వినోద్ ఈల వేశాడు. అంత పెద్ద కంపెనీ అధికారి నడిరోడ్డు మీద రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల! అదే వేళకు నంద్యాల స్టేషన్లో ఇంకొక డికాయ్ లాగుతున్న చక్రాల పెట్టె కూడా దొరికిందని ఫోను వచ్చింది. ప్రధాన కార్యాలయం బృందం నాయకుడు రిపోర్టు మీద అక్కడికక్కడే "అనుమతి" అని రాసి సంతకం చేశాడు. టీ కొట్టాయన ఆ రోజు ఎవరి దగ్గరా డబ్బులు తీసుకోలేదు. నాతో కూడా మళ్ళీ మాట్లాడాడు.

ఆ సాయంత్రం నంద్యాల ప్లాట్‌ఫాం మీద జనం చూడాలి! రైలు వచ్చి ఆగితే పెళ్ళి ఊరేగింపు వచ్చినట్టు చప్పట్లు కొట్టారు. ఎప్పుడూ ఆగే రైలే, ఎప్పుడూ ఆగినట్టే ఆగింది. అయినా నాకు కూడా గుండె నిండిపోయింది, దాచుకోవడం దేనికి? షేక్షావలి ఒక పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. దగ్గరికి పోయి, ముసలామె సంచి మోసినందుకు ఉద్యోగం ఉంచారని కాయితంలో రాయమంటావా అని అడిగాను. సిగ్గుపడి టవలుతో మొహం కప్పుకున్నాడు.

కొన్నాళ్ళకు సామాను మోసే బాధ్యతను తనిఖీలో భాగం చేస్తూ మా విభాగం మిగతా స్టేషన్లకు కూడా ఆదేశం ఇచ్చింది. నేను రిటైరయ్యే నాటికి ప్రైవేటు రైళ్ళ గార్డుల శిక్షణలో అది ఒక పాఠమైంది.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. లోపం కనబడగానే మనం ముందు మనిషిని పట్టుకుంటాం, ఎందుకంటే మనిషి సులువుగా దొరుకుతాడు. నిబంధన రాసేవాళ్ళు అంతకంటే ముందు ఆ చోట కొంతసేపు కూర్చుని, అక్కడివాళ్ళ చేతులు ఎటు పోతాయో చూడాలి. యంత్రాన్ని అక్కడ పెట్టాలి. చేతులను యంత్రం దగ్గరికి లాగాలని చూస్తే, ఎంత కఠినంగా రాసినా ఆ రూలు చుట్టూ ఒక కాలిబాట పడుతుంది.

మొన్న బెంగళూరు వెళ్ళడానికి ఆళ్ళగడ్డలోనే బస్సెక్కాను. తోడుకు నాగమ్మ వచ్చింది. ఆటో దిగగానే షేక్షావలి పరుగున వచ్చి ఆమె సంచి అందుకున్నాడు. "ఈసారి బాంబు ల్యాదప్పా, చెనిక్కాయల బెల్లం ఉంటలు ఉండాయి, తీసకపో" అంది నాగమ్మ. "ఉంటలైనా సరేనమ్మా" అంటూ దాన్ని స్కానర్లో పెట్టి, వెనక్కి తిరిగి నా సంచి కోసం చెయ్యి చాచాడు. ఇచ్చాను.